వెన్ను కుట్టు

మఖమల్‌కు ఒక స్వభావం ఉంది. ఒక వైపుకు నిమిరితే నునుపు, ఎదురు నిమిరితే గరుకు. రెండు ముక్కల నూగు రెండు వైపులకు వాలి ఉంటే స్టేజీ దీపాల కింద ఒకే బట్ట రెండు రంగులుగా కనబడుతుంది. అందుకే దర్జీ నీలి మఖమల్‌ను కోతబల్ల మీద పరిచి, కత్తెర ముట్టకుండా, చాలాసేపటి నుంచి అరచేత్తో నిమురుతూ నిలబడింది. నిర్మాత లోపలికి వచ్చినప్పుడు కూడా చెయ్యి తీయలేదు.

ఆ కుట్టుగదికి ఆయన రావడం పదమూడు వారాల్లో ఇది రెండోసారి. మొదటిసారి ఇస్త్రీ వాసన తల నొప్పిస్తోందని కిటికీ తెరిపించి వెళ్ళాడు.

"బుధవారం సగం అయిపోయింది. కత్తెర ఇంకా పడలేదేంటి?"

"నూగు చూసుకుంటున్నానండీ. తప్పు పడితే బట్టంతా పోతుంది."

"శనివారానికి రెండు గౌన్లు. చూడ్డానికి కవలపిల్లల్లా ఉండాలి. ఒకటి మాత్రం దారం పట్టి లాగితే ఒక్క ఊపున ఊడి కింద పడాలి. అట్లాంటి కుట్టు ఉందా?"

ఉంది. బస్తా మూతికి వేసే గొలుసుకుట్టు. సరైన కొస పట్టుకుంటే సర్రున మొత్తం విడిపోతుంది. ఆ మాటే చెప్పింది. వెన్ను మధ్యలో మెడ నుంచి కింది అంచు దాకా ఒకే కుట్టు పెడతాననీ, అది విడిపోతే చేతుల్లేని గౌను రెండు రెక్కలై దాని బరువుకు అదే ముందుకు జారిపోతుందనీ, లోపలి తెల్లగౌను మిగులుతుందనీ చేతులతో చూపించింది. పనిలో ఒక చిక్కు ఎదురైతే దాన్ని విప్పడంలో ఆమెకు ఒక ఉత్సాహం వచ్చేది, అప్పుడూ వచ్చింది. తరువాత చాలాసార్లు గుర్తు చేసుకుని ఆమె సిగ్గుపడింది ఆ ఉత్సాహానికే.

సంగీత నాటకంలో రాణి వేషానికి ఒక అమ్మాయిని ఎంచడానికి పదమూడు వారాలుగా టీవీలో జరుగుతున్న పోటీ అది. పదిహేను మందిలో ఇద్దరు మిగిలారు. యాంకరు మొదటి వారమే ఒకరికి నిచ్చెన అనీ, ఒకరికి పిచ్చుక అనీ పేర్లు పెట్టాడు; జనం అసలు పేర్లు మరిచిపోయారు. ప్రతి శనివారం ఓడిన అమ్మాయి గౌను హుక్కులు యాంకరు స్వయంగా విప్పేవాడు. ఆమె లోపలి తెల్లగౌనుతో, ఒట్టి పాదాలతో, స్టేజీ చివర ఉన్న చీకటి తలుపులోకి నడిచి వెళ్ళిపోవాలి. పనివాళ్ళు దాన్ని 'దించుడు' అనేవాళ్ళు. పాటల కన్నా దించుడే ఎక్కువమంది చూస్తారని చెప్పుకునేవాళ్ళు.

"రెండూ అట్లాగే కుట్టేస్తానండీ," అంది దర్జీ. "ఓడినవాళ్ళది లాగుతారు. సరిపోతుంది."

"గెలిచినమ్మాయి వెంటనే చివరి పాటకి గిరగిరా తిరగాలి. అక్కడ ఊడితే నిన్ను పంపిస్తానా అడ్డం నిలబడ్డానికి?"

"అయితే రెండూ గట్టిగా కుట్టి, ఎప్పటిలాగే హుక్కులు—"

"పదమూడు వారాల్నుంచి హుక్కులే చూస్తున్నారు జనం. చివరిరోజు కూడా హుక్కులేనా?"

ఆమె బట్ట వైపు చూసింది. ఒక గౌను ఊడాలి, ఒకటి ఊడకూడదు. "మరి ఏది ఊడాలో ఇప్పుడెట్లా తెలుస్తుందండీ? ఓట్లు శనివారం కదా వేసేది?"

"వెయ్యనీ," అన్నాడు నిర్మాత. "ఓట్ల సంగతి ఓట్లది. నువ్వు పొడుగమ్మాయిది ఊడేట్టు కుట్టు."

గదిలో కుట్టుమిషన్లు ఆగి ఉన్నాయి. ఇస్త్రీపెట్టె మాత్రం వేడెక్కి ఒక్కసారి టిక్కుమంది.

ఆయనకే ఆ నిశ్శబ్దం నచ్చలేదు కాబోలు, బల్ల అంచు మీద కూర్చుని కొంచెం మెత్తబడ్డాడు. "హీరోని నిరుడు ఇట్లాగే ఎన్నుకున్నాం. ఒప్పందం అయిపోయింది. అతని తల ఆ అమ్మాయి భుజానికొస్తుంది. ప్రేమపాటలో అతన్ని చంకనేసుకుని తిరగమంటావా? ముందే ఆలోచించాల్సింది, నిజమే. ఇంత దూరం వస్తుందని ఎవరనుకున్నారు?" లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "నాటకం మొదలయ్యాక బట్టల విభాగానికి ఒక పెద్ద కావాలి. పర్మినెంటు. ఆ కాగితం నా బల్ల మీదే ఉంది."

ఎవరికీ చెప్పొద్దని ఆయన అనలేదు. అని ఉంటే, చెప్పడమనేది ఒకటి ఉందని ఆమెకు గుర్తు చేసినట్టయ్యేది.

మర్నాడు ఉదయం నిచ్చెన కొలతకు వచ్చింది. వస్తూనే గుమ్మంలో నిలబడి, ముక్కు రెండు వేళ్ళతో పట్టుకుని, తన ఉద్యోగపు గొంతుతో ప్రకటించింది: "దయచేసి వినండి. పద్నాలుగో నంబరు నిచ్చెన ఇరవై నిమిషాలు ఆలస్యంగా కుట్టుగదికి చేరుచున్నది. అక్కకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

"చింతించింది చాలు. చెప్పులు విప్పి పీట ఎక్కు. ఎక్కితే మాత్రం నాకు నీ మెడ అందదు. దిగు, కిందే ఉండు."

ఆమె రైల్వే స్టేషన్‌లో రైళ్ళ రాకపోకలు ప్రకటించే ఉద్యోగి. ఆరేళ్ళుగా గాజు గదిలో కూర్చుని, తాను ఎన్నడూ ఎక్కని రైళ్ళ పేర్లు చదువుతూ వచ్చింది. అలవాటు కొద్దీ చేతులు రెండూ పక్కలకు ఎత్తి నిలబడింది. దర్జీ గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, కచ్చాకుట్టు వేసిన మఖమల్‌ను ఆమె వీపు మీద కలిపి పట్టుకుంది. వెన్నెముక వెంట రెండంచులు కలిసే గీత మీద వేలు పెట్టి కిందికి దించింది. ఆ అమ్మాయి నవ్వితే ఆ గీత కదులుతుంది. ఊపిరి తీసుకుంటే ఒక అంగుళం విచ్చుకుంటుంది. పాట పాడేవాళ్ళ వీపు వేరు. మిగతావాళ్ళు ఛాతీతో ఊపిరి తీస్తారు, వీళ్ళు వీపుతో తీస్తారు.

"అక్కా, ఒకటి అడుగుతా. కదలను, నువ్వు సూదులు గుచ్చుకో."

దర్జీ ముక్కుతో ఊఁ అంది.

"రేపు మధ్యాహ్నం పన్నెండు లోపల మాకు వేరే ఉద్యోగం లేదని కాగితం ఇవ్వాలట. లేకపోతే ఫైనల్లో నిలబడనివ్వరట. పిచ్చుకకేం, దానికి ఉద్యోగం లేదు, వాళ్ళ నాన్న ఉన్నాడు. నాది పర్మినెంటు పోస్టు. రాజీనామా ఫోన్లో టైపు చేసి పెట్టుకున్నా. మీట నొక్కితే పోతుంది. మా సూపరింటెండెంటు ఏమన్నాడో తెలుసా? 'ఈ కుర్చీ కోసం బయట మూడొందల మంది నిలబడ్డారమ్మా, లేచావంటే మళ్ళీ కూర్చోలేవు' అన్నాడు. గెలిస్తే రాణిని. ఓడితే పూలగుత్తి. పూలగుత్తి పట్టుకుని ఏ ప్లాట్‌ఫారం మీద నిలబడను?"

సూదులు పెదాల మధ్య ఉన్నాయి. అవి అక్కడ ఉండటం న్యాయమైన కారణమే. ఏ దర్జీ అయినా మాట్లాడదు.

"అమ్మని అడిగితే దేవుడున్నాడంటుంది. పాట మాస్టారిని అడిగితే కళ అంటాడు. నిన్నెందుకు అడుగుతున్నానంటే... పదమూడు వారాల్లో ఇక్కడ నాకు అబద్ధం చెప్పనిది నీ టేపు ఒక్కటే. రెండంగుళాలు లావయ్యానంటే నిజంగానే రెండంగుళాలు లావయ్యాను."

దర్జీ ఒక్కొక్క సూదీ తీసి గుచ్చింది. మెడ దగ్గర ఒకటి, భుజాల నడుమ ఒకటి, నడుము దగ్గర రెండు. చివరి సూది గుచ్చాక నోరు ఖాళీ అయింది. అప్పుడు పక్కనున్న డబ్బాలోంచి ఇంకో నాలుగు సూదులు తీసి పెదాల మధ్య పెట్టుకుంది. ఆ నాలుగింటితో పని లేదు.

"పోనీలే," అంది అమ్మాయి. "రేపు చెప్పు. రేపు పన్నెండు లోపల."

ఆ సాయంత్రం ఇంట్లో దర్జీ అత్తగారు టీవీకి ఎదురుగా, కాళ్ళు పీట మీద పెట్టుకుని, కళ్ళజోడు పైకి నెట్టుకుని ఫోనుతో కుస్తీ పడుతోంది. మోకాళ్ళ నొప్పితో గడప దాటని ఆవిడకు ఆ పోటీ ఊరంత విశాలమైన వ్యవహారం.

"అమ్మాయ్, ఇటు రా. శనివారం నిచ్చెనకి ఓటెయ్యాలంటే ఏది నొక్కాలో ఇప్పుడే రాసిపెట్టు. పోయిన వారం గాభరాలో పిచ్చుకకి పడింది. ఆ వారమంతా నాకు నిద్ర పట్టలేదు."

"ఎవరికి పడితే ఏముంది అత్తయ్యా."

"ఏముందంటావేం? పిచ్చుకది గొంతా అది? ఈల. నిచ్చెన పాడితే ఇదిగో, ఇక్కడ పట్టుకుంటుంది." అత్తగారు గుండె కాదు, మోకాలు చూపించింది. "నిజం. నొప్పి తెలియదు ఆ కాసేపూ. నువ్వు రోజూ ముట్టుకునే పిల్ల కదా, ఎట్లా ఉంటుంది దగ్గరగా?"

"ఎట్లా ఉంటుంది? పొడుగ్గా ఉంటుంది."

"నీకు మాట్లాడ్డం రాదమ్మాయ్. నీకు కుట్టడమే వచ్చు."

దర్జీ నంబరు పెద్ద అక్షరాలతో అట్టముక్క మీద రాసి టీవీ పక్కన నిలబెట్టింది. రాస్తున్నంతసేపూ ఆమెకు ఒక సంగతి అర్థమవుతూ వచ్చింది. తనకు తెలిసిన దానిలో భయంకరమైనది ఆ అమ్మాయి ఓడిపోవడం కాదు. ఓడిపోవడం ఎవరికైనా ఉంటుంది. ఈ అట్టముక్క ఉంది చూశావూ, ఇది భయంకరం. శనివారం ఈ ముసలామె వణికే వేలితో, తప్పు పడకుండా, ఒక్కొక్క అంకే నొక్కుతుంది. ఆ నొక్కడమంతా ఇప్పటికే ఒక గొలుసుకుట్టులో కుట్టేసి ఉంది.

చెప్పెయ్యాలనుకుంది. నిర్ణయం చేసుకున్నాక నిద్ర బాగానే పట్టింది. నిర్ణయం చేసుకోవడమే పని పూర్తి చేయడంలాగా ఎందుకు తోస్తుందో అప్పుడు ఆమె ఆలోచించలేదు.

శుక్రవారం పదకొండు దాటాక సాధన గదికి వెళ్ళింది. ఎవరైనా అడిగితే చెప్పడానికి చేతిలో టేపు పట్టుకుంది. ఎవరూ అడగలేదు. నిచ్చెన అద్దం ముందు నేల మీద కూర్చుని నీళ్ళు తాగుతోంది. ఫోను పక్కనే ఉంది. గది అవతలి మూల పిచ్చుక కాలు గోడ పక్క కమ్మీకి ఆనించి ఒంగి లేస్తోంది. వినిపించేంత దగ్గర కాదు.

"మెడ కొలత మళ్ళీ చూడాలి," అంది దర్జీ, మోకాళ్ళ మీద కూర్చుంటూ.

"నిన్న చూశావుగా?"

"చూశాను." టేపు ఆమె మెడ చుట్టూ వేసి పట్టుకుంది. ముఖాలు దగ్గరయ్యాయి. "నిన్న అడిగావు చూడు. నేననేది... ఉద్యోగం ఉంచుకోరాదూ?"

అమ్మాయి కదలలేదు. టేపు కింద నరం మాత్రం కదిలింది.

"అంటే?"

"అంటే ఏమీ లేదు. పర్మినెంటు పోస్టు. మళ్ళీ వస్తుందా?"

"నేను ఓడిపోతాననా?"

"నేనట్లా అన్నానా?"

"మరెట్లా అన్నావు?" ఆమె గొంతు పెరగలేదు. అద్దంలో పిచ్చుకను ఒకసారి చూసి మళ్ళీ దర్జీని చూసింది. "మా అన్నయ్య ఇదే అన్నాడు. మా సూపరింటెండెంటు ఇదే అన్నాడు. చిన్నప్పటి నుంచీ అందరూ ఇదే అన్నారు నాతో. ఒంగి నడువు, వెనక వరసలో నిలబడు, ఉన్నదేదో ఉంచుకో. నువ్వు కూడానా అక్కా? నా వీపు రోజూ చూస్తావు నువ్వు. నేను పాడేటప్పుడు అక్కడ నిలబడి వింటావు, నేను చూశాను. కత్తెర ఆపేసి వింటావు. నువ్వు కూడా నేను గెలవననే అనుకుంటున్నావా? సూటిగా చెప్పు. నువ్వు ఓడిపోతావని చెప్పు, ఇప్పుడే లేచి స్టేషన్‌కి పోతాను."

సూటిగా చెప్పమంది. ఇంత సులభంగా ఎవరూ ఎవరినీ అడగరు. ఒక్క మాట. 'కుట్టమన్నారు' అనే మాట చాలు. దర్జీ నోరు తెరిచింది. అదే క్షణంలో, అడగకుండానే, ఆమె కళ్ళ ముందు వరుసగా కదిలాయి: లేచి స్టేషన్‌కు వెళ్ళిపోయే అమ్మాయి, ఎందుకెళ్ళావని అడిగే నిర్మాత, ఎవరు చెప్పారని ఆయన తిరిగి చూసే చూపు, ఆయన బల్ల మీది కాగితం. అవి కదలడానికి పట్టిన కాలం ఒక్క రెప్పపాటు. మనిషి ఎంతటివాడో తేలడానికి అంతకన్నా ఎక్కువ వ్యవధి దొరకదు.

"నేనెందుకనుకుంటాను?" అంది దర్జీ. "ఊరికే, పెద్దదాన్ని కదా, భయం కొద్దీ అన్నాను. నువ్వే గెలుస్తావు."

"నిజంగా?"

"నిజంగా."

అమ్మాయి టేపును మెడ మీద నుంచి తీయకుండానే పక్కకు ఒంగి ఫోను అందుకుని మీట నొక్కింది. నొక్కాక ఆ ఫోనును కాసేపు చూసి, బోర్లా పెట్టి, పకాలున నవ్వింది. "అయిపోయిందక్కా. ఆరేళ్ళు. ఇట్లా నొక్కితే పోయింది. దయచేసి వినండి, ఇంక నేను చెప్పేది ఏమీ లేదు."

గోడ గడియారంలో పన్నెండుకు ఇంకా ఇరవై నిమిషాలున్నాయి.

దర్జీ కుట్టుగదికి తిరిగివచ్చి పనిలో కూర్చుంది. పిచ్చుక గౌను ముందు పూర్తి చేసింది: పక్కా కుట్టు, లోపల లైనింగు, మెడకు పట్టీ, అంచుకు చేత్తో హెమ్మింగు. తరువాత నిచ్చెనది తీసింది. పాత గొలుసుకుట్టు మిషను మీద కింది అంచు నుంచి మొదలుపెట్టి మెడ దాకా వచ్చి, దారం జానెడు వదిలి తెంపింది. ఆ జానెడు దారాన్ని మెడపట్టీ కింద మడిచి పెట్టింది. చెప్పిన పని అయిపోయింది. నాలుగు గంటలైంది.

ఆమె లేవలేదు. గౌనును తిరగేసి ఒళ్ళో పెట్టుకుని, వెన్ను పొడవునా వరుసగా పడి ఉన్న చిన్న చిన్న ఉచ్చులను చూస్తూ కూర్చుంది. తన చేతి పనిలో ఇంత నాసి కుట్టు ఎన్నడూ లేదు. ఇరవై ఏళ్ళలో ఆమె కుట్టినది ఏదీ ఎవరి ఒంటి మీదా విడిపోలేదు. మాటతో చెయ్యలేకపోయినది చేత్తో చెయ్యవచ్చునని ఆమెకు అప్పుడు తోచింది. ఊడకపోతే? యాంకరు లాగుతాడు, రాదు, ఏదో జోకు వేసి ఊరుకుంటాడు. పదమూడు వారాల్లో ఒక్క అమ్మాయైనా ఒంటి మీద గుడ్డతో ఆ తలుపు దాటుతుంది. కుట్టు పొరపాటంటారు, అది తనకు పెద్ద ప్రమాదం కాదు.

ఆ చివరి మాట కూడా ఆమె మనసు లెక్కలో చేరే ఉంది. దాన్ని ఆమె చూడలేదని చెప్పలేం. చూసి పక్కకు జరిపింది.

మామూలు మిషను మీద, గొలుసుకుట్టుకు నూలుపోగంత దూరంలో, మెడ నుంచి అంచు దాకా చిన్న కుట్టుతో ఒకసారి, మళ్ళీ వెనక్కి ఒకసారి కుట్టింది. రెండు కొసలా ముడి వేసింది. ఇస్త్రీ పెట్టి అణిచింది. చూడ్డానికి ఏమీ తేడా లేదు.

శనివారం సాయంత్రం ఆరింటికి హాలు నిండింది. దర్జీ ఎప్పటిలాగే స్టేజీ పక్క తెర చాటున, నడుముకు కట్టుకున్న సంచిలో సూది, దారం, కత్తెరతో నిలబడింది. నిచ్చెన పాడింది. ఎలా పాడిందో ఆమెకు తరువాత గుర్తు లేదు. వెన్ను కుట్టు మీద దీపం పడి అది ఊపిరితో విచ్చుకుని ముడుచుకోవడం మాత్రమే గుర్తుంది. హాల్లో వెనక వరసల వాళ్ళు లేచి నిలబడ్డారు. తెర చాటున ఉన్న దీపాల మనిషి "ఇదే అయిపోయింది, ఇంక ఓట్లెందుకు?" అన్నాడు.

ఓట్లు వచ్చాయి. యాంకరు కవరు చించి, పదిదాకా లెక్కపెట్టేంత సేపు ఊరుకుని, పిచ్చుక పేరు చదివాడు. పిచ్చుక రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చింది. ఆ పిల్ల ఏడుపు నిజం, ఆమెకేమీ తెలియదు. నిచ్చెన ఒంగి, బాగా ఒంగి, ఆమెను కౌగిలించుకుంది. తరువాత నిటారుగా నిలబడింది.

వాయిద్యాలు ఆగిపోయాయి. యాంకరు నిచ్చెన వెనక్కి వచ్చి మెడపట్టీ కింద నుంచి దారం తీసి, అందరికీ కనబడేలా పైకెత్తి లాగాడు.

దారం వచ్చింది. సర్రున వచ్చింది, మూర తరువాత మూర, ఆయన చెయ్యి చాచి, మళ్ళీ చాచి, లాగుతూ లాగుతూ కాళ్ళ దగ్గర దారం కుప్ప పడింది. గౌను కదలలేదు.

హాల్లో ఎవరో ఒకరు నవ్వారు. యాంకరు చేతిలోని దారాన్ని, గౌనును మార్చి మార్చి చూసి, కనుబొమలు ఎగరేశాడు. "నిచ్చెన దిగనంటోందండీ!" అన్నాడు.

అప్పుడు హాలంతా నవ్వింది. ఏడవడానికి సిద్ధమై వచ్చిన జనం నవ్వు అది. కట్ట తెగినట్టు వచ్చింది. ఆ నవ్వుకు ఊపొచ్చి యాంకరు మెడపట్టీని రెండు చేతులా పట్టుకుని చీల్చబోయాడు. కుట్టు గట్టిది. అమ్మాయి రెండడుగులు వెనక్కి తూలింది. పట్టీ గొంతుకు అడ్డం పడి దగ్గు వచ్చింది. మైకు ఆమె మెడ దగ్గరే ఉంది. ఇందాక పాట విన్న చోటల్లా ఆ దగ్గు వినపడింది. ఆయన మళ్ళీ లాగాడు. ఆమె మళ్ళీ తూలి, పడకుండా ఆయన భుజమే పట్టుకుంది. ఆ పొడవు, ఆ పట్టు చూసి జనం ఇంకా నవ్వారు.

నిర్మాత దర్జీ మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏం కుట్టావు నువ్వు? పో. కత్తెర తీసుకుని నువ్వే పో."

తెర చాటు నుంచి స్టేజీ నడిమికి ఇరవై అడుగులు. దీపాల వేడి ముఖానికి కొట్టింది. దర్జీని చూడగానే నిచ్చెన కళ్ళు ఒక్కసారి తేలికపడ్డాయి. తనవాళ్ళెవరో వచ్చినట్టు. ఆమె వైపు వీపు తిప్పి, ఎవరూ చెప్పకుండానే, కొలతకు నిలబడినట్టు చేతులు రెండూ పక్కలకు ఎత్తింది.

దర్జీ మోకాళ్ళ మీద కూర్చుని కింది అంచు దగ్గర కత్తెర పెట్టింది. రెండు వరసల కుట్టు, మఖమల్ మందం. కత్తెర కరకరమంది. పిక్కల దాకా, మోకాళ్ళ దాకా, నడుము దాకా. తాను వేసిన కుట్టును తానే కోస్తూ లేచి నిలబడింది. హాల్లో నవ్వు క్రమంగా ఆగిపోయింది. భుజాల నడుమకు వచ్చేసరికి కత్తెర చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఎంత గట్టిగా కుట్టావక్కా," అంది అమ్మాయి, తల తిప్పకుండా. చిన్నగానే అంది. మైకు దాన్ని హాలంతా వినిపించింది.

మెడపట్టీ తెగింది. గౌను రెండు రెక్కలై ముందుకు జారింది. చప్పట్లు మొదలయ్యాయి, జనం లేచి నిలబడి కొట్టారు, కొందరు కళ్ళు తుడుచుకుంటూ. వాళ్ళకు కావలసింది వాళ్ళకు దొరికింది. అమ్మాయి తెల్లగౌనుతో చీకటి తలుపు వైపు నడిచింది. అది దాటేటప్పుడు, అలవాటు కొద్దీ, తల వంచింది.

సోమవారం ఉదయం నిర్మాత కుట్టుగదికి మూడోసారి వచ్చాడు. కాగితం ఆయన చేతిలోనే ఉంది.

"శనివారం నిన్ను చంపేద్దామనుకున్నాను. ఆదివారం చూస్తే ఊళ్ళో ఎవరి నోట విన్నా ఆ కత్తెర మాటే. పిచ్చుక పాట ఒక్కడికి గుర్తులేదు, నువ్వు అందరికీ గుర్తున్నావు." సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించాడు. "ఎవరైనా అడిగితే, రెండు గౌన్లూ ఊడేట్టే కుట్టమన్నాం. పాట ముందు పిచ్చుకది దారం ముడేశాం. ఆ పొడుగమ్మాయికీ అదే చెప్పాం. అర్థమైందా?"

అర్థమైంది. ఆమె సంతకం పెట్టింది.

పదకొండుకు నిచ్చెన వచ్చింది. సాధనకు ఇచ్చిన బూట్లు సంచిలో తెచ్చి అలమార కింద జతగా పెట్టింది. గొంతు మీద పట్టీ ఒరుసుకున్న చోట ఎర్రటి గీత ఉంది. పీట మీద కూర్చుంది. కూర్చుంటే ఇద్దరి ముఖాలూ ఒక ఎత్తుకు వచ్చాయి.

"స్టేషన్‌కి వెళ్ళొచ్చానక్కా. నా కుర్చీలో ఎవరో అమ్మాయి కూర్చుంది. బాగానే చదువుతోంది. ప్లాట్‌ఫారం నంబరు రెండుసార్లు చెప్పాలి, ఒక్కసారే చెబుతోంది. ముసలివాళ్ళు ఇబ్బంది పడతారు. గాజు మీద కొట్టి చెబుదామనుకున్నాను. సూపరింటెండెంటు చూసి అటు తిరిగాడు."

"ఇప్పుడేం చేస్తావు?"

"ఏదో ఒకటి. అది అడగడానికి రాలేదు." ఆమె అరచేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుంది. "రెండు గౌన్లూ ఊడేట్టు కుట్టమన్నారట కదా నిన్ను. ఎవరు ఓడినా ఊడేట్టు. పిచ్చుకది చెప్పినట్టే కుట్టావు. నాది మాత్రం ఊడకుండా కుట్టావు."

దర్జీ కోతబల్ల మీది దారపు ముక్కలు ఏరసాగింది.

"రాత్రంతా ఆలోచించాను. మొదట కోపం వచ్చింది, అంత మందిలో నవ్వులపాలయ్యానని. తరువాత తెలిసింది. శుక్రవారం నువ్వు నాకు చెప్పిన మాట ఊరికే ఓదార్పుకు చెప్పలేదు. నిజంగా అనుకున్నావు కాబట్టే, గెలిచేవాళ్ళకి కుట్టినట్టు కుట్టావు. ఉద్యోగానికే ముప్పు తెచ్చుకుని కుట్టావు. ఇంతమందిలో నేను గెలుస్తానని నమ్మింది నువ్వొక్కదానివే." గొంతు మీది ఎర్రటి గీతను వేలితో తడుముకుంది. "ఆ సంగతి తెలిశాక ఉద్యోగం పోయిందన్న బాధ కూడా అంత లేదు. అదే చెప్పిపోదామని వచ్చాను. అంతే కదా అక్కా? నేననుకున్నది నిజమే కదా?"

కిటికీలోంచి ఎండ కోతబల్ల మీద పడుతోంది. సంతకం పెట్టిన కాగితం మడిచి దర్జీ జేబులో ఉంది. నిజం చెబితే ఈ అమ్మాయికి మిగిలినది కూడా పోతుంది. చెప్పకపోవడమే ఇప్పుడు దయ. ఆ ఆలోచన ఎంత నునుపుగా, ఏ అడ్డూ లేకుండా వచ్చిందో, ఆమె దాని మీద రెండోసారి చెయ్యి పెట్టి చూడలేదు.

"అవును," అంది.

అమ్మాయి లేచి, ఒంగి, ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. తరువాత వెళ్ళిపోయింది.

సాయంత్రం అన్నం తినేటప్పుడు అత్తగారు రెండు రోజులుగా అడుగుతున్నదే మళ్ళీ అడిగింది. "నీ మొహం టీవీలో చూశాక మన వీధిలో అందరూ అడుగుతున్నారమ్మాయ్. నాకైనా చెప్పు. ఊడాల్సిన దాన్ని అంత గట్టిగా ఎందుకు కుట్టావే?"

"గెలుస్తుందనుకున్నాను అత్తయ్యా," అంది దర్జీ. "నేనొక్కదాన్నే నమ్మాను ఆ పిల్లని."

అత్తగారు ముద్ద ఆపి కోడలి వైపు చూసి, ఎడమచెయ్యి చాచి ఆమె తల నిమిరింది. దర్జీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నిజమైన కన్నీళ్ళే.